ఓబుళరెడ్డి ముందు టైరు

డ్రిల్లు మాస్టరు వెంకటేశ్వర్లు సైకిలు దిగి రేకుల షెడ్డులోకి వచ్చేసరికి రాహేలమ్మ ఒక జీపు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తూ ఉంది. ఆమె మొగుడు లేవి మూలన కూర్చుని ఇంకో ట్యూబుకు రబ్బరు ముక్క అతికిస్తున్నాడు. కర్నూలు రాజధాని అయి ఏడాదిన్నర కావస్తోంది. ఊరినిండా జీపులు, కార్లు. నంద్యాల రోడ్డు మొదట్లో ఉన్న ఆ షెడ్డుకు పనికి కొదవ లేదు.

"లేవీ, నీతో పనిపడింది" అన్నాడు మాస్టరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "ఈ శనివారం కాక పై శనివారం మోటరుసైకిళ్ళ పందెం. ఈడ్నుంచి ఓర్వకల్లు గుట్టల దాకా పోయి, తిరుక్కోని రావాల. పోయినేడు ఒకాయన టైరు పగిలి పడి భుజం ఇరగ్గొట్టుకున్న్యాడు కదా. అందుకని ఈసారి టైర్లు తెలిసిన మనిషి చూసి సరే అంటేనే బండి కదలాలని పోలీసాయన కండిషను పెట్టినాడు. మద్రాసు నుంచి రావాల్సినాయన రాలేనని జాబు రాసినాడు. నువ్వు సైన్యంలో ఇదే పని చేసినావంట కదా?"

లేవి తలెత్తలేదు. "నాతో కాదు సార్" అన్నాడు.

"ఏం, ఎందుకు కాదు?"

"పంచర్లేస్తాను. గాలి కొడతాను. చూసి చెప్పేది మాత్రం నాతో కాదు సార్."

మాస్టరు అయోమయంగా రాహేలమ్మ వైపు చూశాడు. ఆమెకు కారణం తెలుసు. చెప్పాలనిపించలేదు.

యుద్ధకాలంలో నాలుగేళ్ళు లేవి సైన్యం వర్క్‌షాపులో టైర్లు తనిఖీ చేశాడు. తిరిగొచ్చాక కడపలో ఒక బస్సుల కంపెనీ అతన్ని పిలిచి అదే పని ఇచ్చింది. రాహేలమ్మ మధ్యాహ్నం సద్ది పట్టుకుని పోయేది. పోయింది ఊరికే కూర్చోలేక పట్టుకోవడానికి, తిప్పడానికి సాయం చేసేది. అట్లా చేస్తూ చేస్తూనే నేర్చుకుంది. ఆమె బొటనవేలు పట్టుకుని టైరు మీద పెట్టి, "ఇది అరుగుదల, ఇది దెబ్బ. రెండూ ఒకటి కాదు" అని లేవి చెప్పేవాడు. అరుగుదల మనిషికి వయసు వచ్చినట్టు మెల్లగా, కనబడుతూ వస్తుంది. దెబ్బ అట్లా కాదు. లోపల దాక్కుంటుంది.

ఒకరోజు గువ్వలచెరువు కనుమ ఎక్కాల్సిన బస్సు ముందు టైరు మీద లేవి సుద్దముక్కతో అడ్డగీతలు గీశాడు, పనికిరాదని. యజమాని వచ్చి తడిగుడ్డతో తుడిపించాడు. "ఒక్క ట్రిప్పే కదప్పా, రేపు మారుస్తాం" అన్నాడు. లేవి నోరు మెదపలేదు. కనుమ మలుపులో టైరు పగిలింది. బస్సు బండకు ఒరిగింది. డ్రైవరు బాలస్వామి కాలు పోయింది. లేవిని ఎవరూ ఒక్క మాట అనలేదు, బాలస్వామి కూడా. కానీ ఆ రోజు తర్వాత అతను ఏ టైరునూ బాగుంది అనలేదు, బాగాలేదు అనలేదు. కడప వదిలేసి కర్నూలు వచ్చి, పంచర్లు వేసుకుంటూ ఆరేళ్ళుగా అట్లాగే ఉన్నాడు.

"నేను చూస్తా సార్" అంది రాహేలమ్మ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. మాస్టరు నవ్వాడు. "నువ్వా? రెడ్ల పిల్లోళ్ళు, సావుకార్ల పిల్లోళ్ళు వస్తారమ్మా. ఆడమనిషి చెప్తే ఇంటారా?"

రాహేలమ్మ చేతులు తుడుచుకుని బయటికి వచ్చి, అతని సైకిలు వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుంది. చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పింది. "మీ టైరు ఎడమపక్కనే అరిగుండాది సార్, కుడిపక్క గాడులు కొత్తగా ఉండాయి. చక్రం వంకర పోయిండాది. టైరు మార్చినా మళ్ళా అట్లనే అరుగుతాది. ముందు చక్రం సరిచేపిచ్చుకోండి."

మాస్టరు వంగి చూశాడు. రెండేళ్ళుగా తొక్కుతున్న సైకిలు. ఒక్కనాడూ గమనించలేదు. "శనివారం ఏడు గంటలకల్లా రామ్మా" అని ఎక్కి వెళ్ళిపోయాడు.

అన్నం తినేటప్పుడు లేవి చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు. "ఎందుకు ఒప్పుకున్న్యావు?" అన్నాడు చివరికి.

"నువ్వు నేర్పిందేగా. నా చేతుల్లో ఉండేది చెప్తా. లేనిది చెప్పను."

"పనికిరాదనేది సులువు రాహేలూ. అంటే ఏమైతాది, తిడతారు. బాగుండాది పో అనేదే కష్టం. ఆ మాట మీద ఒక మనిషి కూర్చోని పోతాడు."

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతున్నది ఆమె ఒక్కతే కాదని తెలుస్తూనే ఉంది.

శనివారం పొద్దున నంద్యాల రోడ్డు అంచున తిరునాళ్ళ మాదిరి జనం చేరారు. బొరుగులు అమ్మేవాళ్ళు, సోడాబండి, చెట్టెక్కి కూర్చున్న పిల్లలు. ఆరు మోటరుసైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. రాహేలమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని, చేతిలో సుద్దముక్క, ఒక మేకు, తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. లేవి పనిముట్ల సంచి మోసుకొచ్చి, ఇరవై అడుగుల దూరంలో వేపచెట్టు మొదట్లో నిలబడ్డాడు. అంతకంటే దగ్గరికి రాలేదు.

ఆమెను చూసి నవ్వులు లేచాయి. ఎవరో, "ఇడ్లీలు అమ్మేదానికి వచ్చిన్యావా అమ్మా?" అన్నారు. రాహేలమ్మ విననట్టు మొదటి బండి ముందు కూర్చుంది.

అది ఆదోని పత్తి వ్యాపారి కొడుకుది. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళను మేకుతో ఒక్కొక్కటే పెరికింది. ఒక చోట సన్నటి కోత ఉంది. దాన్ని రెండు వేళ్ళతో విడదీసి లోపలికి చూసింది. లోపలి నూలు పొర కనబడలేదు, రబ్బరు వరకే తెగింది. "ఇది సరే" అని టైరు పక్కన నిలువుగీత గీసింది. తర్వాతి రెండు బండ్లూ అట్లాగే గడిచిపోయాయి. మూడోదానికి గాలి మరీ ఎక్కువుందని కొంత తీయించింది. నవ్వులు మెల్లగా తగ్గాయి. జనం దగ్గరికి జరిగి చూడసాగారు.

నాలుగో బండి మద్దిలేటిది. మద్దిలేటి డోన్‌లో లారీల షెడ్డులో మెకానిక్కు. సైన్యం వాళ్ళు పాత ఇనుము కింద అమ్మేసిన బండిని తెచ్చి, ఏడాది పాటు ముక్కముక్కా అతికి నిలబెట్టుకున్నాడు. దాని టైర్లు చూడగానే జనం మళ్ళీ ఘొల్లుమన్నారు. మధ్యలో గాడులు దాదాపు మాసిపోయాయి.

"ఏమప్పా, గుండు కొట్టిచ్చుకోని వచ్చిండావే!" అని ఎవరో అరిచారు.

మద్దిలేటి మొహం ఎర్రబడింది. "ఇవే ఉండాయక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "కాదంటే చెప్పు, ఇట్లే ఎనక్కి తిరుక్కోని పోతా."

రాహేలమ్మ ఆ టైర్ల మీద అన్నిటికంటే ఎక్కువసేపు గడిపింది. అరచేత్తో చుట్టూ నిమిరింది. అరుగుదల అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంది, ఎక్కడా గుంట లేదు, మెట్టు లేదు. పక్కల్లో ఎండ పగుళ్ళు లేవు. నూలు ఎక్కడా బయటపడలేదు. ప్రాణం పెట్టి చూసుకున్న టైర్లని ఆమెకు అర్థమైంది. రోజూ తుడిచి, నీడన పెట్టి, గాలి సరిగ్గా కొట్టుకుంటే తప్ప టైరు అట్లా ముసలితనానికి రాదు.

"రోడ్డు తడిగా ఉండుంటే ఒప్పుకోకపోదును" అంది లేస్తూ. "ఈ ఎండిన నేల మీద ముప్పై మైళ్ళు పోయొస్తాయి. మలుపుల్లో ఎక్కువ వంచాకు నాయనా." నిలువుగీత గీసింది. మద్దిలేటి గట్టిగా ఊపిరి వదిలాడు.

ఐదో బండి బనగానపల్లె నుంచి వచ్చిన ఓబుళరెడ్డిది. మామిడితోటల రెడ్డిగారి రెండో కొడుకు. ఎర్రటి కొత్త బండి, దానికి నెల కిందట మద్రాసులో కొన్న కొత్త టైర్లు. గాడులు వేలు దూరేంత లోతుగా, రబ్బరు నల్లగా నిగనిగలాడుతూ ఉంది. "దీన్ని చూసేదానికి ఏముండాదిలే, గీత గీసి పో" అన్నాడు ఓబుళరెడ్డి సిగరెట్టు కాలుస్తూ. చెడ్డగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

రాహేలమ్మ వెనక టైరు చూసి గీత గీసింది. ముందు టైరు తిప్పుతూ ఉండగా ఆమె చెయ్యి ఒక చోట ఆగింది. రిమ్ము అంచున రెండంగుళాల మేర రంగు మిగతాదానికంటే కొత్తగా ఉంది. రంగు కింద సుత్తిదెబ్బల గరుకు వేలికి తగిలింది. సరిగ్గా దానికి పైన, టైరు పక్కన బొటనవేలు ఆనించి నెమ్మదిగా జరిపింది. ఏదో ఉంది. ఉబ్బు అనడానికి లేదు. అన్నంలో రాయి తగిలిందో లేదో తెలియనంత. మళ్ళీ జరిపింది. ఈసారి ఉందనిపించింది. మూడోసారి లేదనిపించింది.

"రెడ్డీ, ఈ చక్రం యాడన్నా రాయికి కొట్టుకున్న్యాదా?"

"లేదే."

"రిమ్ము సరిచేసినట్టుండాది."

"మెకానిక్కు ఏమేమో చేస్తాంటాడు, నాకేం తెలుసు? గీత గియ్యి."

రాహేలమ్మ గియ్యలేదు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "దీన్ని సరే అనలేను" అంది.

ఒక్కసారిగా గోల లేచింది. అరిగిపోయిన టైరుకు సరే అంటుందంట, కొత్త టైరుకు కాదంటుందంట! ఓబుళరెడ్డి సిగరెట్టు కింద పారేశాడు. "మాస్టరూ, ఏం ఆట ఇది? ఎవురో పంచరేసే ఆడమనిషిని తెచ్చి నా బండి ఆపిస్తావా? ఆ మద్దిలేటి అక్కా అన్న్యాడని వానికి గీత గీసిండాది!"

డ్రిల్లు మాస్టరు ఆమె పక్కన వంగాడు. "గట్టిగా చెప్తాండావా అమ్మా? ఖాయమేనా?"

ఖాయం కాదు. అదే ఆమె బాధ. వేలు చెప్పేది ఒకటి, కన్ను చెప్పేది ఒకటి. అబద్ధం చెప్పి ఖాయం అనొచ్చు. ఆమె లేచి నిలబడి వేపచెట్టు వైపు తిరిగింది.

"ఇదో, ఒకసారి ఇట్ల రా."

లేవి కదల్లేదు. జనమంతా అటు చూశారు. రాహేలమ్మే అతని దగ్గరికి నడిచింది. "నా వేలికి ఏమో తగుల్తాండాది. నూటికి నూరు చెప్పలేకుండా ఉండాను. నేను అనింది తప్పయితే తప్పని చెప్పు, అందరి ముందరే చెప్పు, నాకేం సిగ్గు లేదు. చూడకుండా మాత్రం నిలబడాకు."

"రాహేలూ..."

"ఆ పిల్లోడు దాని మీద కూర్చోని పోతాడు."

లేవి సంచి కింద పెట్టాడు. వచ్చి, బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతను ముందు తడమలేదు. బండి ముందుభాగాన్ని పైకెత్తించి చక్రాన్ని జోరుగా తిప్పి, తల బాగా కిందికి వంచి, సూర్యుడి వెలుగుకు ఎదురుగా టైరు అంచును చూశాడు. తిరిగే చక్రం అంచు గీత గీసినట్టు నిలకడగా ఉండాలి. ప్రతి చుట్టుకూ ఒకసారి ఆ గీత చిన్నగా ఎగిరిపడుతోంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఎగిరింది. చెయ్యి అడ్డం పెట్టి చక్రం ఆపాడు.

"పనికిరాదు" అన్నాడు.

ఓబుళరెడ్డి వైపు తిరిగి, అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు. "ఈ టైరు పనికిరాదు రెడ్డీ. విప్పితే లోపల కనపడ్తాది. విప్పమంటావా?"

"కనపడకపోతే?"

"కనపడకపోతే నేనే మళ్ళా ఎక్కిచ్చి, గాలి కొట్టి, ఈ రోడ్డు మీద అందరి ముందరా నీ కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వెందుకు పట్టుకుంటావు, మొదట అనింది నేను" అంది రాహేలమ్మ.

ఓబుళరెడ్డి చుట్టూ చూశాడు. అంత జనం ముందు వద్దు అనలేకపోయాడు. "విప్పు" అన్నాడు.

లేవి, రాహేలమ్మ ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. అతను చక్రం ఊడదీస్తే ఆమె గాలి తీసింది. అతను ఇనుప పట్టీతో టైరు అంచు ఎత్తి పడితే ఆమె రెండో పట్టీ దూర్చింది. ఒకరికొకరు ఒక్క మాట చెప్పుకోలేదు. కడపలో చేసినట్టే చేతులు వాటంతట అవే నడిచాయి. ట్యూబు బయటికి లాగి, టైరును మోకాలి కింద పెట్టి లోపలి పక్క బయటికి తిరగేశారు.

అరచెయ్యంత మేర నూలు పొరలు అడ్డంగా, నిలువుగా తెగి, రెండు కత్తివేట్లు ఒకదానిమీద ఒకటి పడినట్టు విచ్చుకుని ఉన్నాయి. పైనున్న కొత్త రబ్బరు ఒక్కటే ఆ చోటును పట్టుకుని ఉంది. ట్యూబు మీద కూడా అక్కడ నలిగిన మచ్చ పడింది.

చెట్టెక్కిన పిల్లల్లో ఒకడు, "ఏముండాది, ఏముండాది?" అని అడుగుతున్నాడు.

ఓబుళరెడ్డి వంగి, ఆ చీలికలో తన వేలు పెట్టి చూశాడు. మొహంలో రక్తం లేదు. "మొన్న హుసేనాపురం మలుపులో రాయెక్కినాను" అన్నాడు నేల చూస్తూ. "రిమ్ము సొట్టపోతే కొట్టిచ్చినా. టైరుకు పైన ఏం కనపల్లేదు. కొత్తదే కదా అనుకున్న్యా."

"కొత్తది కాబట్టే పైన కనపల్లేదు" అంది రాహేలమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు.

అతను లేచి బండి వైపు ఒకసారి చూసి, "పోనీలే మాస్టరూ, మీరు కానియ్యండి" అని పక్కకు నడవబోయాడు. అప్పుడు మద్దిలేటి వచ్చి లేవి ముందు ఒక టైరు పెట్టాడు. తన బండి వెనక తాడుతో కట్టుకొచ్చిన అదనపు టైరు. "కొలత ఒకటే అన్నా. రెడ్డికి సరిపోతాదేమో చూడు."

అది మద్దిలేటి బండికున్న వాటికంటే ఇంకో పిసరు ఎక్కువ అరిగింది. ఓబుళరెడ్డి దాన్నీ, మద్దిలేటినీ మార్చి మార్చి చూశాడు.

రాహేలమ్మ టైరు అందుకోబోయి ఆగింది. చేతులు వెనక్కి తీసుకుంది. "నువ్వు చూడు" అంది లేవితో.

లేవి ఆ టైరును ఒళ్ళో పెట్టుకున్నాడు. బయట చూశాడు. లోపల చూశాడు. అంచు తీగ చుట్టూ వేలు తిప్పాడు. ఇంకోసారి మొదటి నుంచీ చూశాడు. ఎండ ఎక్కుతోంది. డ్రిల్లు మాస్టరు గడియారం తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తొందరపెట్టలేదు. లేవి నుదుటి మీది చెమట టైరు మీద పడింది. రాహేలమ్మకు దాన్ని అందుకుని తానే సరే అనేద్దామా అనిపించింది. అనలేదు.

"బాగుండాది" అన్నాడు లేవి. తల ఎత్తి ఓబుళరెడ్డి కళ్ళలోకి చూశాడు. "అరిగుండాది, కానీ దెబ్బ లేదు. మెల్లగా వంచు. పో."

ట్యూబు మచ్చకు రబ్బరు ముక్క అతికించి, టైరు ఎక్కించి, రాహేలమ్మ ఆరో బండి కూడా చూసి గీత గీసి, బండ్లు కదిలేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆరు బండ్ల దుమ్ము ఓర్వకల్లు దారిలో కనబడకుండా పోయాక జనం సోడాల మీద పడ్డారు. లేవి మాత్రం రోడ్డు అంచునే నిలబడ్డాడు. రాహేలమ్మ సోడా తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"మద్దిలేటి టైర్లకు నేను కదా గీసింది" అంది ఆమె. "నాక్కూడా భయంగానే ఉండాది. కూర్చుందాం రా."

రాతి గట్టు మీద కూర్చున్నారు. కొంతసేపటికి లేవి, "బాలస్వామి కూడా ఇట్లనే పొద్దున్నే బయల్దేరినాడు" అన్నాడు. ఆరేళ్ళలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. తర్వాత ఆ రోజు సంగతంతా చెప్పాడు. యజమాని గుడ్డ తడిపింది, తను పక్కకు తిరిగి నట్లు ఏరుతున్నట్టు నటించింది, బాలస్వామి "వస్తా అన్నా" అని చెయ్యి ఊపింది. రాహేలమ్మ అడ్డు రాకుండా విన్నది. మధ్యలో ఒకసారి అతని చేతిలోని సోడా తీసుకుని తాగించింది.

దూరాన దుమ్ము కనబడగానే ఇద్దరూ లేచారు. ముందు ఆదోని కుర్రవాడు వచ్చాడు. గజం తేడాతో వెనకే మద్దిలేటి, ఒళ్ళంతా దుమ్ముతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. తర్వాత ఇద్దరు. లేవి పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఐదో బండి వచ్చింది, అది ఎర్రది కాదు. రోడ్డు ఖాళీగా కనబడింది. రాహేలమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఎర్రబండి మలుపు తిరిగింది. తాపీగా, ఎక్కడా వంచకుండా, పెళ్ళికి పోతున్నట్టు వచ్చి ఆగింది. ఓబుళరెడ్డి దిగి, ముందు చక్రం చుట్టూ ఒకసారి చూసి, లేవి దగ్గరికి వచ్చాడు. "నువ్వు మెల్లగా వంచమన్న్యావు" అన్నాడు. "నేను అస్సలు వంచనే లేదు." లేవి నవ్వాడు. అది నవ్వుగా మొదలై మరెక్కడికో పోయింది. భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద పెట్టుకున్నాడు.

ఆ సంగతి ఊళ్ళో వారం రోజులు నలిగింది. తర్వాత ఒక బస్సు యజమాని తన డ్రైవర్లను షెడ్డుకు పంపించాడు. టైర్లు చూపించుకోవడానికి కాదు, చూడటం నేర్చుకోవడానికి. బండి బయల్దేరేముందు డ్రైవరే చూసుకోవాలి, ప్రతిచోటా మనం ఉండం కదా అని ఆ ఆలోచన ఇచ్చింది లేవి. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం పూట నేర్పుదామని ఇద్దరూ అనుకున్నారు. మొదటి వారం నలుగురు వచ్చారు. మూడో వారానికి పదకొండు మంది అయ్యారు. లేవి గట్టిగా మాట్లాడుతున్నాడు, వాదిస్తున్నాడు, ఒకణ్ణి తిట్టాడు కూడా.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం షెడ్డు ముందు జీపు ఆగింది. ఓబుళరెడ్డి దిగాడు. మద్దిలేటికి ఇమ్మని ఒక కొత్త టైరు, గంపెడు మామిడికాయలు దించి, వెళ్ళిపోతాడేమో అనుకుంటే వెళ్ళలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "నాక్కూడా చెప్తారామ్మా?" అని, డ్రైవర్ల పక్కన జాగా చూసుకుని గొంతుక్కూర్చున్నాడు.

రాహేలమ్మ ఒక పాత టైరు అతని ముందుకు దొర్లించింది. "ఇందులో ఒక దెబ్బ ఉండాది. కనుక్కో."

అతను గోటితో గీరుతూ వెతకసాగాడు.

"గోరుతో కాదు రెడ్డీ, బొటనవేలి మెత్తతో. మెల్లగా జరుపు. తొందర లేదు." ఆమె వంగి అతని చేతిని పట్టుకుని టైరు మీద సరైన చోట పెట్టింది.